ముందువైపు నుంచి నాన్న

జనవరి 9

బాబాయికి,

మీ దగ్గు తగ్గిందని పిన్ని రాసింది, ఇంకా వేధిస్తోందని మీరు రాశారు. రెండు ఉత్తరాలూ ఒకే కవరులో వచ్చాయి కాబట్టి సగం తగ్గిందని అనుకుంటున్నాం.

అసలు సంగతికొస్తాను. నాన్న పోయి ఏడాది కావస్తోందని పంపుహౌసు కార్మికుల క్రీడాసంఘానికి ఉన్నట్టుండి గుర్తొచ్చింది. నిన్న సంఘం కార్యదర్శి ఇంటికొచ్చాడు. మైకు చేతికిస్తే మళ్ళీ ఇవ్వడని అందరూ ఆయన్ని మైకుగారంటారు. మా ముందుగదిలో మైకు లేదు, అయినా ఏమీ తేడా రాలేదు. జలాశయం గట్టుకీ ఆటస్థలానికీ మధ్య నాన్న కంచు విగ్రహం పెడతారట, ఛాతీ వరకు. పంపుల ఫిట్టరుగా ఉద్యోగమంతా రెండేసి షిఫ్టులు చేసి, మిగిలిన కాస్త పొద్దూ ఫుట్‌బాల్ గోల్‌పోస్టు దగ్గరో గాలం దగ్గరో గడిపిన మనిషికి ఇది కనీస గౌరవమట. గోలు కాసే గోలీ చేతితొడుగులు చిరిగిపోయాయి, కొత్తవి ఇప్పించండని ఆ మనిషి అడిగితే, 'నువ్వు అదనపు గోలీవి కదా, ఆడినప్పుడు చూద్దాం' అని ఏళ్ళ తరబడి తిప్పింది కూడా ఈ కార్యదర్శే. అమ్మ టీ ఇచ్చింది గానీ చక్కెర వెయ్యలేదు. ఆయన గమనించలేదు.

చిక్కంతా ఫొటో దగ్గర వచ్చింది. శిల్పికి మొహం కనిపించే ఫొటో కావాలట. ఇంట్లో ఉన్నవన్నీ మంచం మీద పరిచాను. గట్టు మీద గాలం వేసుకుని కూర్చున్న ఫొటోల్లో అన్నిట్లోనూ వీపే. పిలిస్తే తిరిగేవాడు కాదు, చేప బెదురుతుందని. పంపు కింద దూరి పనిచేస్తున్న ఫొటోలో కాళ్ళు కనిపిస్తున్నాయి. జట్టు ఫొటోలో అదనపు గోలీ కదా అని చివర నిలబెట్టారు, ఆయన భుజం వరకే ఫొటోలో పట్టింది. పెళ్ళి ఫొటోలో సరిగ్గా ఆ క్షణాన పక్కింటి రేడియోలో ఎవరో గోలు వేశారట, తల అటు తిరిగిపోయింది, చెవి మాత్రం చాలా స్పష్టంగా వచ్చింది. గుర్తింపు కార్డులో మొహం ఉంది, దాని మీద ఆఫీసు ముద్ర కూడా ఉంది.

నవ్వులాటగా రాస్తున్నాను గానీ బాబాయ్, నాకు భయంగా ఉంది. ఈ మధ్య కొట్లో బట్ట కత్తిరిస్తూ నాన్నని తలుచుకుంటే మొహం రావడం లేదు. ఫొటోల్లో చూసిన వీపే వస్తోంది. టైలరుని కాబట్టి ఆయన భుజాల కొలతలు నిద్రలో లేపి అడిగినా చెబుతాను, మొహం మాత్రం జారిపోతోంది. ఏడాదికే ఇలా అయితే ముందుముందు నాకేం మిగులుతుంది? అందుకే ఈ విగ్రహం మైకుగారి గొప్ప కోసమే అయినా నాకు కావాలి. నాన్న మొహం ఒక్కచోటైనా ఉండాలి.

మీ నాటకాలకి బొమ్మలు చేసిచ్చే శిల్పి ఒకాయన ఉన్నాడు కదా. మీ దగ్గర నాన్న ఫొటో ఏదైనా ఉందేమో వెతకండి. మీ ఇద్దరిదీ ఒకే మొహమని నానమ్మ అంటూ ఉండేది. ఏం చేస్తారో, ఎలా చేస్తారో, మీ మీదే వదిలేస్తున్నాను.

మీ బుల్లి


జనవరి 17

బుల్లికి బాబాయి ఆశీస్సులు, దగ్గుతో సహా.

నీ ఉత్తరంలో రాసింది చదివాను, రాయకుండా వదిలేసింది కూడా అర్థమైంది. రంగస్థలం మీద జీవితం గడిపినవాడికి ఎదుటివాళ్ళు నోరు తెరవకముందే భావం అందుతుంది. బీమా కంపెనీలో మా పై అధికారికి నాలోని ఈ గుణం నచ్చేది కాదు. ఆయన వెళ్ళమనకముందే నేను ఇంటికి బయలుదేరేవాణ్ణి.

ఫొటోలు వెతికాను. పెట్టె నిండా ఉన్నాయి గానీ అన్నీ నా మహారాజు వేషాలవే. అన్నయ్య ఎక్కడా లేడు. పోనీ, నువ్వు మొహమాటపడి సూచించిన మార్గమే మేలని తోచింది. ఈ వయసులో ఇంత భారం నెత్తికెత్తుకోగలనా అని ముందు వెనకాడాను. అన్నయ్య కోసం కాకపోతే ఇంకెవరి కోసం అనుకుని ఒప్పుకున్నాను. శిల్పితో మాట్లాడేశాను. మా నాటకాలకి తెగిన తలకాయలు, సింహాసనాలు చేసిచ్చేది ఆయనే. బతికున్నవాళ్ళ తలకాయ చేసే అవకాశం ఇన్నాళ్ళకొచ్చిందని ఎంతో సంతోషించాడు.

అన్నయ్యని తలుచుకుంటే ఎన్ని జ్ఞాపకాలు. నువ్వు పుట్టకముందు మాట. లీగు పోటీలో అసలు గోలీకి కాలు బెణికితే అన్నయ్యని దింపారు. అవతలి జట్టుకి పెనాల్టీ. మైదానమంతా నిశ్శబ్దం. అప్పుడు జనంలోంచి 'అన్నయ్యా, ఎడమకి దూకు' అని ఒక కంఠం ఖంగున మోగింది. ఆ కంఠం నాది. మైదానమంతా తల తిప్పి నన్నే చూసింది. ఆ రోజు నేను కొత్త చొక్కా వేసుకున్నాను, లేత పసుపుది. బంతి ఆగిందో లేదో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు.

నీ బాబాయి


జనవరి 26

బాబాయికి,

బంతి ఆగింది. ముక్కుతో ఆపాడు. మీరు ఎడమకి అని అరిచేసరికి నాన్న మీ వైపు చూశాడట, ఈలోగా బంతి వచ్చి ముక్కుకి తగిలి బయటికి పోయింది. అప్పట్నుంచే ముక్కు కుడివైపుకి వంకరపోయింది. 'నా తమ్ముడే లేకపోతే ఆ గోలు పడేది, నా ముక్కు నిలిచేది' అని ఎవరు కనిపించినా చెప్పేవాడు.

శిల్పిని కుదిర్చినందుకు మీకెలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఆయనకి ఈ వివరాలు చెప్పండి. ముక్కు సంగతి పైన రాశాను. ఎడమ కనుబొమ్మ మధ్యలో గాటు ఉండేది, పంపు బిగిస్తుండగా స్పానరు జారి తగిలింది. ఎండలో నీళ్ళకేసి చూసీ చూసీ కళ్ళు చిన్నవైపోయాయి. ఇవన్నీ నాకు విడివిడిగా తెలుసు. కలిపితే మొహం అవడం లేదు.

అమ్మని అడిగి చూశాను. 'మొహానికేముంది, మొహంలా ఉండేది' అంది. గుచ్చి గుచ్చి అడిగితే విసుక్కుంది. 'చీకటితో వెళ్ళేవాడు, చీకటి పడ్డాక వచ్చేవాడు. ఆదివారమన్నా ఇంట్లో ఉంటాడా అంటే గట్టు మీద. నాకెప్పుడు చూపించాడే మొహం?' అంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, నాన్న టీపొడి డబ్బాలో వానపాములు దాచిన రోజు గురించి గిన్నెలతో మాట్లాడింది. ఆ డబ్బా మూత తీసింది తనే కదా, ఇంకా మర్చిపోలేదు.

మీ దగ్గుకి వేడినీళ్ళు తాగండి.

మీ బుల్లి


ఫిబ్రవరి 6

బుల్లికి, పని ఒత్తిడిలోనూ నిన్ను మరవని బాబాయి రాయునది.

రోజూ పొద్దున్నే శిల్పి దగ్గరికి వెళ్తున్నాను. గంటల తరబడి మాటా పలుకూ లేకుండా కూర్చోవాలి, లేస్తే ఆయనకి కోపం. ఇంట్లో ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదని, పని త్వరగా ముగించవద్దని పిన్ని ఆయనకి కబురు పంపింది.

నీ వివరాలు ఆయనకి చదివి వినిపించాను. ముక్కు వంకర మాట విని ఆయన మట్టికేసి చూశాడు, నాకేసి చూశాడు. ఇంత లక్షణమైన ముక్కుని చేజేతులా పాడుచెయ్యలేనన్నాడు. కళాకారుడితో వాదించకూడదు. కనుబొమ్మ గాటు కూడా వద్దన్నాడు, కంచులో గాటు పెడితే పోతలో లోపమనుకుంటారట. కళ్ళు చిన్నవి చెయ్యమంటే నవ్వి ఊరుకున్నాడు. మొత్తానికి మొహంలో రాజసం వస్తోంది. అన్నయ్యలో అది ఎప్పుడూ ఉంది, రెండు షిఫ్టుల వల్ల బయటికి రాలేదు.

నా మెడ మాత్రం పట్టేసింది.

నీ బాబాయి


ఫిబ్రవరి 14

బాబాయికి,

మీ ఉత్తరం చదివి నాకు కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ మిమ్మల్ని కాస్త తేలిగ్గా చూశాను, నిజం చెప్పొద్దూ. రోజూ వెళ్ళి దగ్గరుండి చేయిస్తున్నారంటే నాన్న మీద ఎంత ప్రేమో తెలుస్తోంది. కానీ మెడ పట్టేసేంతగా తొంగి చూడకండి. ఆయన పని ఆయన చేసుకుంటాడు. మెడ కింద పెట్టుకోవడానికి చిన్న దిండు కుట్టి పంపుతున్నాను. ఆయన కళాకారుడే అనుకోండి, ముక్కు విషయంలో మాత్రం గట్టిగా ఉండండి.

ఇక్కడ మైకుగారితో నాకు రోజూ పోరు. విగ్రహం కింద పలక మీద నాన్న పేరు కంటే పెద్ద అక్షరాల్లో తన పేరు వేయించాడు. 'శ్రమజీవి, క్రీడాజ్యోతి, మత్స్యప్రేమికుడు' అని రాయించాడు. మత్స్యప్రేమికుడంటే చేపలు ఒప్పుకోవండీ అన్నాను. చేపలకి సంఘంలో సభ్యత్వం లేదన్నాడు.

నాన్నతో కలిసి గాలం వేసే వెల్డరుని అడిగితే మొహం సంగతి తెలుస్తుందేమోనని గట్టు దాకా వెళ్ళాను. పాపం, ఎంతో ఆలోచించాడు. 'పక్కపక్కనే కూర్చునేవాళ్ళమమ్మా. ఆయన నీళ్ళకేసి చూసేవాడు, నేనూ నీళ్ళకేసే చూసేవాణ్ణి' అన్నాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. గాలం బెండు మునిగిందంటే చాలు, పంపుహౌసు సైరను మోగేదట. నాన్న గాలం ఈయన చేతిలో పెట్టి పరిగెత్తేవాడు. పంపు బాగుచేసి వచ్చేసరికి చేప వెల్డరు బుట్టలో ఉండేది. 'ఆయన పట్టిన చేపలన్నీ నేనే తిన్నానమ్మా' అని కళ్ళు తుడుచుకున్నాడు.

మీ బుల్లి


ఫిబ్రవరి 23

బుల్లికి బాబాయి ఆశీస్సులు.

దిండు అందింది, చాలా మెత్తగా ఉంది. కానీ పెట్టుకోవడానికి శిల్పి ఒప్పుకోలేదు. మెడ వాలితే భంగిమ చెడుతుందట. పోయిన వారం దగ్గు ఆపుకోలేక కాస్త కదిలాను. గడ్డం మారిపోయింది, పొద్దుటి పనంతా నీళ్ళపాలైంది అని నెత్తి బాదుకున్నాడు. అప్పట్నుంచి దగ్గు మందు రెండు చెంచాలు తాగి, నున్నగా గడ్డం గీసుకుని మరీ వెళ్ళాను.

నిన్నటితో మట్టి పని అయిపోయింది. పిన్నిని తీసుకెళ్ళి చూపించాను. విగ్రహం ఎదురుగా నిలబడి 'చొక్కా గుండీ పెట్టుకోండి' అంది. నేను వెనకనే ఉన్నానని తర్వాత చూసుకుంది. శిల్పి పొంగిపోయాడు. ఈ వారమే కంచు పోస్తారు.

నీ బాబాయి


మార్చి 1

బాబాయికి,

మీరు కదిలితే ఎవరి గడ్డం మారిపోయింది?

వెంటనే జవాబు రాయండి.

బుల్లి


మార్చి 7

బుల్లికి,

నీ ఉత్తరంలో పలకరింపు లేదు, దగ్గు గురించి లేదు. ఇలాంటి ఉత్తరం నాకు ఇంతకుముందు బీమా కంపెనీ నుంచే వచ్చింది.

ఎవరి గడ్డమంటావేమిటి? అన్నదమ్ములిద్దరిదీ ఒకే మొహమని రాసింది నువ్వు. ఏం చేస్తారో మీ మీదే వదిలేస్తున్నానన్నది నువ్వు. ఫొటో లేదు. అన్నయ్య లేడు. ఉన్నది నేను. నా మొహాన్ని అన్నయ్యకి అరువిచ్చాను, అదీ మెడ పట్టేసి, దగ్గు మింగుకుని. వేరే ఎవరైనా అయితే కాళ్ళకి దణ్ణం పెట్టేవాళ్ళు. విగ్రహాలన్నీ అచ్చుగుద్దినట్టు ఉండాలని ఎక్కడా లేదు. చూసేవాళ్ళకి గౌరవం కలగాలి, నా మొహం చూస్తే కలుగుతుంది.

కంచు పోసేశారు. విగ్రహాన్ని నిన్న లారీ ఎక్కించాం. లారీ డ్రైవరు పెట్టె మూత వేస్తూ నన్నూ దాన్నీ చూసి, 'అన్నగారాండీ?' అని అడిగాడు. నీకు లేని గుర్తింపు దారినపోయే లారీ డ్రైవరుకి ఉంది.

బాబాయి


మార్చి 15

బాబాయికి,

పెట్టె వచ్చింది. పంపుహౌసు వరండాలో మైకుగారి ముందే తెరిచాను. గడ్డం ఆకాశానికి, చూపు ఎక్కడో శత్రుసైన్యం మీద. కత్తి ఒక్కటే తక్కువ.

ఇది మా నాన్న కాదండీ, మా బాబాయి అని మైకుగారికి చెప్పాను. ఆయన చుట్టూ తిరిగి చూసి, 'మొహం ఎవరిదైతేనేమమ్మా, పేరు కింద రాసి ఉందిగా' అన్నాడు. ఆహ్వానాలు అచ్చయ్యాయట, పై అధికారులు తారీఖు ఇచ్చేశారట. పేరు చూసి మొహం నమ్మడమే లోకరీతి అని కూడా సెలవిచ్చాడు.

నాకెంత కోపంగా ఉందంటే పొద్దుట్నుంచి కత్తెర ముట్టుకోలేదు. మీ మొహం మంచిదే బాబాయ్. దానికి లోటేమీ లేదు. కానీ నేనడిగింది అది కాదు. ఆ గట్టు మీద రేపట్నుంచి అందరూ మీ మొహాన్నే నాన్న అనుకుంటారు. కొన్నాళ్ళు పోతే నేనూ అలాగే అనుకుంటాను, అదీ నా భయం. నాన్న ఆట ఉన్నన్నాళ్ళూ అదనపు గోలీగానే ఉన్నాడు. చివరికి ఆయన విగ్రహంలో కూడా ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, మీరు దిగారు.

ఆవిష్కరణకి నేను రాను. అమ్మకి ఏమీ చెప్పలేదు, వెల్డరు తీసుకొస్తాడు. మీరు తప్పకుండా రండి, లేత పసుపు చొక్కా వేసుకుని.

బుల్లి


మార్చి 30

బుల్లికి,

జ్వరంలో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు. ఆవిష్కరణ నుంచి వచ్చిన దగ్గర్నుంచి మంచం దిగలేదు.

మైకుగారు అన్నయ్య గురించి చాలాసేపు మాట్లాడాడు. అందులో అన్నయ్య ఎక్కడా రాలేదు. చేతితొడుగులు మాత్రం తనే కొని ఇచ్చానన్నాడు. తర్వాత పై అధికారి తాడు లాగాడు. తెర గడ్డానికి తట్టుకుని ఆగిపోయింది. గడ్డం అంత పైకెత్తానని అప్పుడు తెలిసింది. ఒకాయన కర్రతో విడిపించాడు. చప్పట్లు మోగాయి, నేను అలవాటు కొద్దీ లేచి నమస్కారం పెట్టాను.

అప్పుడు కింద పలక చూశాను. నా మొహం, దాని కింద పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం. బుల్లీ, నేను స్టేజీ మీద ఎన్నోసార్లు చచ్చాను. యుద్ధంలో చచ్చాను, విషం తాగి చచ్చాను. తెర పడగానే లేచి టీ తాగేవాణ్ణి. ఇది అలా లేదు. పంపుహౌసులో పూర్వం పనిచేసిన ముసలాయన ఒకడు పూలు తెచ్చి విగ్రహం ముందు పెట్టి, కళ్ళొత్తుకుని, ఇటు తిరిగి నన్ను చూశాడు. మనిషి అక్కడే కూలబడ్డాడు. మంచినీళ్ళు నేనే ఇవ్వబోతే తాగలేదు.

మీ అమ్మ కూడా వచ్చింది. విగ్రహం చుట్టూ ఒకసారి తిరిగింది. నా దగ్గరికొచ్చి, 'బాగుందయ్యా, నువ్వు బాగా వచ్చావు. మరి మీ అన్నయ్యదెప్పుడు పెడతారు?' అని అడిగింది. వెటకారం కాదు. నిజంగానే అడిగింది.

దాన్ని తీయించెయ్యి. ఎలాగైనా సరే. అద్దం చూసుకోవాలంటే భయంగా ఉంది. నిన్న పిన్ని నా కళ్ళజోడు సొరుగులో పెడుతుంటే, అప్పుడే ఎందుకు సర్దేస్తున్నావని గొడవపడ్డాను.

బాబాయి


ఏప్రిల్ 12

బాబాయికి,

మీ జ్వరం తగ్గిందని పిన్నీ రాసింది, మీరూ రాశారు. ఈసారి ఇద్దరి మాటా ఒకటే కాబట్టి నమ్ముతున్నాను.

తీయించమని మైకుగారిని అడిగాను. ఆవిష్కరించిన విగ్రహాన్ని వెనక్కి తీసే నిబంధన సంఘంలో లేదట. కొత్త నిబంధన పెట్టాలంటే సభ జరగాలి, సభ జరిగితే ఆయన మాట్లాడతాడు. నేనే వద్దన్నాను.

కానీ వేరే విధంగా ఒకటి జరిగింది. పంపుల అదురుకి విగ్రహం బోల్టులు వదులయ్యాయి. బిగించమని వెల్డరుకి పని అప్పగించారు. ఆయన బిగించాడు. బిగించేముందు విగ్రహాన్ని జలాశయం వైపు తిప్పేశాడు. ఊరికే బిగించి వదల్లేదు, అటే ఉండేలా వెల్డింగ్ కూడా పెట్టేశాడు. మైకుగారు వచ్చి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. 'ఆయనెప్పుడూ అటే తిరిగి కూర్చునేవాడండీ. ఇటు తిప్పి కూర్చోబెడితే ఎవరు గుర్తుపడతారు?' అన్నాడట వెల్డరు.

నేను వెళ్ళి చూశాను. గేటు దగ్గర్నుంచే గుర్తుపట్టాను. ఆ చాటంత చెవులు, చొక్కా కాలరులోకి దిగిన మెడ, నీళ్ళకేసి తిరిగిన వీపు. వెనక నుంచి మీ ఇద్దరికీ నిజంగానే తేడా లేదు. అక్కడే గడ్డిలో కూర్చుని కరువుతీరా ఏడ్చాను. షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు ఇప్పుడు 'ఏమైనా పడ్డాయా?' అని దాన్ని పలకరించి వెళ్తున్నారు. మీ మొహం చేపలకి తప్ప ఇంకెవరికీ కనపడదు. సంవత్సరాలు చెక్కిన పలక ఇటువైపే ఉండిపోయింది కాబట్టి మీరు ధైర్యంగా అద్దం చూసుకోవచ్చు.

మీ మీద కోపం పోయింది. భయం మాత్రం పోలేదు. ఎంతైనా అదీ వీపే కదా. మొహం నాకు ఇంకా రావడం లేదు. అమ్మని అడిగాను, వెల్డరుని అడిగాను, ఇంకెవరూ లేరు. మీరొక్కరే మిగిలారు. పెనాల్టీలు, రాజసం పక్కనపెట్టి మామూలుగా చెప్పండి బాబాయ్. నాన్న ఎలా ఉండేవాడు?

మీ బుల్లి


ఏప్రిల్ 20

బుల్లీ,

జవాబు రాద్దామని కూర్చుని చాలా కాగితాలు చించాను. మొదటిదాంట్లో అన్నయ్యకి సింహం చూపు పెట్టాను. రెండోదాంట్లో చూపు తీసేసి, నుదురు విశాలం చేశాను. పిన్ని వచ్చి చదివి, 'ఎవరీయన?' అంది. అప్పుడు కలం పక్కన పెట్టి నిజంగా గుర్తుతెచ్చుకున్నాను.

అన్నయ్య మొహాన్ని నేను తీరిగ్గా, ఎదురుగా చూసింది ఒక్కచోటే. స్టేజీ మీంచి.

మేము కలిసున్నన్నాళ్ళూ నా ప్రతి నాటకానికీ వచ్చేవాడు. షిఫ్టు దిగి తిన్నగా పనిబట్టలతోనే. బంధువులకి ముందు వరుస ఇచ్చేవాళ్ళు కాబట్టి అక్కడే, మధ్య కుర్చీలో కూర్చునేవాడు. నేను సింహాసనం ఎక్కేలోపు నిద్రపోయేవాడు. అన్నయ్యకి కళంటే గిట్టదని అందరికీ చెప్పుకు తిరిగాను. అసలు సంగతేమిటంటే, స్టేజీ దీపాల వెలుగు ముందు వరుస దాకానే పడేది. వెనకంతా చీకటి. నేను ఎవరికి ఉరిశిక్ష వేసినా, ఎవరిని క్షమించినా, కనిపించేది ఆ ఒక్క మొహమే.

తల కుర్చీ వెనక్కి వాలిపోయేది. నోరు తెరుచుకునేది, పూర్తిగా. కింది పెదవి పసిపిల్లల పెదవిలా జారేది. ముక్కు కుడికి వంగింది కదా, ఊపిరి ఒక పక్క నుంచే వచ్చేది, గురకలో చిన్న ఈల ఉండేది. ఎడమ కనుబొమ్మ గాటులో వెంట్రుకలు మొలవలేదు, అక్కడ చెమట నిలిచి దీపం వెలుగుకి మెరిసేది. కళ్ళు పూర్తిగా మూతపడేవి కాదు, సన్నటి తెల్లగీత కనిపించేది. నీళ్ళకేసి చూసేటప్పుడు కూడా కళ్ళు అంతే చేసేవాడు. మొహం సబ్బుతో కడుక్కునే వచ్చేవాడు, కానీ చెవి పక్క ముడతలో గ్రీజు ఉండిపోయేది. డప్పు మోగినప్పుడు మెలకువ రాకుండానే రెండు చేతులూ ఛాతీ ముందుకి లేచేవి, బంతి వస్తోందనుకుని.

చప్పట్లు మొదలయ్యే సమయం ఎలా తెలిసేదో, అందరికంటే ముందే లేచి చప్పట్లు కొట్టేవాడు. అటూ ఇటూ చూసి, నాకేసి చూసి నవ్వేవాడు. నవ్వితే వంకర ముక్కు ఇంకాస్త పక్కకి పోయేది. 'అదరగొట్టావురా' అనేవాడు. ఒక్క మాట విని ఉండడు.

నాకు అన్నయ్య కావాలి బుల్లీ. ఇది రాయడానికి సిగ్గేమీ లేదు. మొన్న చలికాలంలో ఒక నాటకం వేశాం. ఆ మధ్య కుర్చీలో ఎవరో కూర్చుని, కళ్ళు విప్పార్చుకుని శ్రద్ధగా చూశారు. నాకు మాటలు రాలేదు. తెర దించేశారు.

నీ బాబాయి


ఏప్రిల్ 28

బాబాయికి,

మీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. మధ్యలో ఆపమంది. మళ్ళీ మొదట్నుంచి చదవమంది. అంతా అయ్యాక, 'ఒక్కటీ తప్పు చెప్పలేదు. నాకు ముందే తట్టలేదు చూడు, మనిషి నిద్రపోతుంటేనేగా నేనూ చూసింది' అంది. కింది పెదవి సంగతి ఇంకోసారి చదివించుకుంది.

నిన్న మధ్యాహ్నం కొట్లో ఎవరిదో చొక్కాకి భుజాలు కుడుతున్నాను. తలుచుకోలేదు, ఏమీ లేదు. నాన్న వచ్చాడు, ముందువైపు నుంచే. నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. మిషను చప్పుడుకి లేస్తాడేమోనని కుట్టడం ఆపి, చాలాసేపు అలాగే కూర్చున్నాను.

మీ బుల్లి